నాలుక మీద నారుమడి

మా వైపు పెళ్ళిళ్ళలో విడిదింటికి వెళ్ళే మొదటి కాఫీ నా చేతిమీదుగా వెళ్ళేది. పెళ్ళికొడుక్కి మాత్రం వేరే గ్లాసు. అందులో పంచదార బదులు ఉప్పు ఉండేది. ఇది నేను కనిపెట్టింది కాదు, ఆడపెళ్ళివారి హక్కు. కాకపోతే మామూలు వంటవాడు చెంచాడు ఉప్పు గుమ్మరించి ఊరుకుంటాడు. పెళ్ళికొడుకు ఉమ్మేస్తాడు, అందరూ నవ్వుతారు, అయిపోతుంది. నేను చిటికెడే వేసేవాణ్ణి. ఆ అబ్బాయి ఒక గుక్క తాగి అనుమానంగా చూసి, మళ్ళీ తాగి, పక్కవాణ్ణి అడగలేక, అడక్కుండా ఉండలేక, చివరికి గ్లాసు ఖాళీ చేసి 'కాఫీ బాగుందండీ' అనేవాడు. ఆ అబద్ధం వినడం కోసమే నేను తలుపు వెనక నిలబడేవాణ్ణి. నా పక్కన మా అక్క కూతురు కాత్యాయని, నోటికి గౌను అడ్డం పెట్టుకుని కిచకిచ నవ్వేది.

నా పేరు పేరిశాస్త్రి. శాస్త్రం ఏదీ చదవలేదు. ఏడో తరగతి మాత్రం రెండుసార్లు చదివాను, మొదటిసారి అర్థం కాక, రెండోసారి మాస్టారు వదలక. ఆ తర్వాత గరిటె పట్టుకున్నాను. రాజమండ్రి నుంచి కోనసీమ దాకా పెళ్ళన్నా, ఉపనయనమన్నా, సప్తాహమన్నా నా గాడిపొయ్యి వెలగాల్సిందే. నా పొయ్యి మీద ఎప్పుడూ పప్పు అడుగంటలేదని నాకు కాస్త గర్వం. అడుగంటిన వంట వంటవాడికి తలవంపులు.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. నివేదన కాకుండా రుచి చూడకూడదు. ఉప్పు, పులుపు, కారం అన్నీ చేతి అలవాటుమీద, ఉడుకు వాసనమీద పడాల్సిందే. జీవితంలో నేను ఎగతాళి చెయ్యని నియమం అదొక్కటే. అందరి భోజనాలూ అయిపోయి, ఎంగిలాకులు ఎత్తేశాక, చివర్లో నేనొక్కణ్ణీ ఆకు వేసుకుని కూర్చునేవాణ్ణి. వండినవన్నీ ఒక్కో ముద్ద. ఏది కుదిరిందో, ఏది కుదరలేదో అప్పుడు తేలేది. కాత్య చిన్నప్పుడు ఎన్ని పంక్తుల్లో పిలిచినా కూర్చునేది కాదు. ఆ చివరాకు దగ్గర నాతోపాటు తినాలి దానికి. 'ఇందులో ఏం తక్కువైందో చెప్పు' అని అడిగేవాణ్ణి. అది కళ్ళు మూసుకుని ఆలోచించి, 'నవ్వు తక్కువైంది' అనేది.

నా చేతికి రాని వంట ఒక్కటే ఉండిపోయింది. మా అమ్మ చేసే వాక్కాయ పప్పు. అమ్మ కాత్య పుట్టకముందే పోయింది. వానాకాలంలో ఎర్రటి వాక్కాయలు వస్తే చాలు, మా ఇంట్లో అదే పప్పు. అమ్మ నన్ను తిడుతూ ఉండేది, పప్పు ఉడుకుతూ ఉండేది. నేను పప్పుగుత్తి బియ్యం డబ్బాలోనో, దేవుడి గూట్లోనో దాచేసేవాణ్ణి. ఆవిడ ఇల్లంతా వెతికి, నా చెవి మెలిపెట్టి సంపాదించుకునేది. ఆ పప్పు నోట్లో పెట్టుకుంటే ముందు పులుపు, వెనకాల కమ్మదనం, ఆఖర్న సన్నగా ఒక చేదు. ఆ చేదు ఎక్కణ్ణించి వచ్చేదో నాకు తెలీలేదు. మెంతులు వేసి చూశాను. వేపపువ్వు వేసి చూశాను. కాకరకాయ గింజ కూడా నూరి వేశాను. మా అక్క విశాలాక్షి తిని, 'ఒరేయ్ పేరీ, అమ్మ పప్పు చేసిందిరా. నువ్వు కషాయం చేశావు' అంది.

కాత్య పెరిగి బస్‌ కాంప్లెక్సులో అనౌన్సరు ఉద్యోగం సంపాదించింది. గాజుగదిలో కూర్చుని 'రావులపాలెం, అమలాపురం మీదుగా రాజోలు వెళ్ళు బస్సు' అని చెప్తుంటే, ఆ ర, ల, ళ ఒక్కొక్కటీ కడిగి ఆరబెట్టినట్టుండేవి. నేను ఫోన్ చేసి, 'అమ్మాయ్, తెల్ల పంచె కట్టుకుని, నల్ల గొడుగు పట్టుకున్న మా బావగారు తప్పిపోయారు, మైకులో చెప్పు' అనేవాణ్ణి. ఓసారి చెప్పేసింది. పదిమంది తెల్ల పంచెలవాళ్ళు గాజుగది ముందు నిలబడ్డారట.

ఆ రోజుల్లోనే దాని నాలుక పక్కన చిన్న పొక్కు వచ్చింది.

వేడి చేసిందన్నాం. మా ఇళ్ళలో నోట్లో పొక్కు వస్తే ఇంకోమాట ఉండదు. అక్క సబ్జా గింజలు నానబెట్టింది. బార్లీ కాచింది. తేనె రాసింది, పటిక పుక్కిలించమంది. బి కాంప్లెక్సు మాత్రలు మందులషాపువాడే ఇచ్చాడు. తగ్గలేదు. 'ఆవకాయ తగ్గించవే' అంది అక్క. కాత్య ఆవకాయ మానేసింది. తర్వాత కారం మానేసింది. తర్వాత అన్నం మింగడం మానేసింది. ఎండాకాలం పోయి వానలు పడ్డా ఆ వేడి మాత్రం తగ్గలేదు.

పెద్దాసుపత్రికి తీసికెళ్ళాం. చిన్న వయసు డాక్టరు, టార్చి వేసి చూసి, ముక్క తీసి పరీక్షకి పంపాడు. ఫలితం వచ్చాక తలెత్తకుండా అడిగాడు.

"గుట్కా?"

కాత్య తల అడ్డంగా ఊపింది.

"వక్కపొడి, సిగరెట్టు, మందు, ఏదైనా?"

"వక్క కూడా నోట్లో వేసుకోదండీ మా పిల్ల" అంది అక్క.

ఆయన నాకేసి చూశాడు. "మీరు కాస్త బయట కూర్చోండి. పెద్దవాళ్ళ ముందు చెప్పలేకపోవచ్చు."

"నా ముందు అది చెప్పలేనిది లేదండీ. పెళ్ళికొడుకుల్ని ఏడిపించడం తప్ప దానికి ఏ అలవాటూ లేదు" అన్నాను.

గోడమీద గుట్కా బొమ్మ ఉంది. దాని కింద మా బావ సత్యమూర్తి కూర్చున్నాడు. ఆయన చొక్కా జేబులో జర్దా డబ్బా. యవ్వనం నుంచీ నములుతున్నాడు. ఆ డబ్బా తీసి చేతుల్లో తిప్పుతూ, "నమిలింది నేను కదరా పేరయ్యా. దానికెలా వచ్చింది?" అన్నాడు. డాక్టరు విన్నాడు. కుర్చీ మా వైపు జరుపుకున్నాడు.

"మాకూ తెలీదండీ. ఈమధ్య ఇలాంటి పిల్లలు వస్తున్నారు. ఏ అలవాటూ ఉండదు. చిన్నవయసు కదా, పొక్కే కదా అని వాళ్ళూ ఊరుకుంటారు, మేమూ ఊరుకుంటాం. అక్కడే ఆలస్యమైపోతోంది" అన్నాడు.

బావ ఆ డబ్బా అక్కడే చెత్తబుట్టలో పడేశాడు. ఎవరికీ ఉపయోగపడని పని అది. అయినా పడేశాడు.

ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది. నాలుకలో సగం పైగా పోయింది. ఇంటికొచ్చాక వీధివాళ్ళు పళ్ళు పట్టుకొచ్చి, అక్కని పక్కకి పిలిచి, 'ఏదో నమిలే ఉంటుందిలెండి, ఈకాలం పిల్లలు' అని వెళ్ళేవారు. కాత్యకి చెవులు బాగానే ఉన్నాయి. మాట్లాడబోతే మాట బదులు తడి శబ్దమేదో వచ్చేది. దాంతో మాట్లాడ్డం మానేసి స్టీలుగ్లాసు మీద చెంచాతో కొట్టేది. ఒకటి కొడితే అవును, రెండు కొడితే కాదు. మూడు కొడితే 'నువ్వొట్టి వెధవ్వి మావయ్యా' అని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. గాజుగదిలో ఇంకో అమ్మాయి వచ్చింది. కాంప్లెక్సు మీదుగా వెళ్ళాల్సివస్తే కాత్య చున్నీ చెవులకి చుట్టుకునేది.

అప్పుడే విశాఖపట్నం ప్రయోగశాల సంగతి తెలిసింది. సముద్రానికెదురుగా ఓ మేడ. దాన్ని నడిపే డాక్టరు భ్రమరాంబ. పొట్టిగా, తెల్లజుట్టుతో, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, ఎవరికో వడ్డించబోతున్నట్టు ఎప్పుడూ చేతులు తుడుచుకుంటూ ఉంటుంది. కాత్య నోట్లోంచి మంచి కణాలు కాసిని తీసుకుని, గాజుగిన్నెలో పెంచి, నెలలు తిరిగేసరికి నాలుకలో పోయినంత ముక్క తయారుచేసింది. చూపించింది. జున్నుముక్కలా లేతగా ఉంది.

"ఇది అతికిస్తే మాట వచ్చేస్తుందాండీ?" అంది అక్క.

"అతుక్కుంటుంది, కదుల్తుంది. కానీ దీనికేం తెలీదమ్మా. పన్ను ఎక్కడుందో తెలీదు, అంగిలి ఎక్కడుందో తెలీదు, ఉప్పు తెలీదు. ఏమీ తెలీని నాలుక నోట్లో రాయిలా పడుంటుంది. దీనికి తెలిసిన నాలుక ఒకటి నేర్పాలి. రక్తసంబంధం ఉన్నవాళ్ళది" అంది డాక్టరు.

"నాది తీసుకోండి" అంది అక్క వెంటనే. "కోసుకోండి."

పక్కనే ఉన్న కాత్య చెంచాతో గ్లాసు మీద రెండు కొట్టింది. ఆగకుండా కొడుతూనే ఉంది. తర్వాత ఫోన్లో రాసి చూపించింది. 'నా కోసం ఎవరిదేం పోయినా నాకు ఆ నాలుక వద్దు. ఇలాగే ఉంటాను.' మా వంశంలో మొండితనం ఆడపిల్లలకే వస్తుంది. అది అన్నదంటే అన్నట్టే.

అందరి నాలుకలూ పరీక్షించారు. కాగితం ముక్కల మీద ఉప్పు చుక్క, చేదు చుక్క వేసి, ఏదో చెప్పమన్నారు. అక్కకి షుగరు, సగం చుక్కలు తెలీలేదు. బావ నాలుక జర్దాకి తోలైపోయింది, ఏదీ తెలీలేదు. నా వంతు వచ్చింది. చేదులో పులుపు కలిపి ఇచ్చినా విడదీసి చెప్పాను. వట్టి నీళ్ళ చుక్క ఇస్తే, 'ఇది మా అక్క పెట్టిన చారు' అన్నాను. పరీక్ష చేసే అమ్మాయి అది నిజంగానే రాసేసుకుంది.

డాక్టరు భ్రమరాంబ నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచింది.

"పేరిశాస్త్రిగారూ, నారుమడి చూశారా ఎప్పుడైనా?"

"అన్నం వండి బతికేవాణ్ణి, నారుమడి చూడకపోవడమేంటండీ."

"మీ నాలుక మీద ఒక పల్చటి పొర అతికిస్తాం. మీ నరాల కొసలు అందులోకి వేళ్ళూనుకుంటాయి. బాగా పట్టాక ఆ పొర లేపి, అమ్మాయి కొత్త నాలుక మీద నాటుతాం. నారు తీసి పొలంలో నాటినట్టు. అక్కడ బతికి, లోపలికి పాకి, ఆ నాలుక్కి అన్నీ నేర్పుతుంది."

"శుభం."

"నారు తీశాక మడిలో ఏం మిగుల్తుందో చెప్పండి."

నేను కొంచెం ఆలోచించాను. "బురద."

"మీకూ అంతే. స్పర్శ మళ్ళీ మొలుస్తుంది, మాట పోదు. రుచి మొలవదు. పులుపు, తీపి, ఉప్పు, చేదు, ఏదీ ఉండదు. వాసన ఉంటుంది, ముక్కు వేరు కాబట్టి."

"మళ్ళీ నారు పోసుకోకూడదా?"

"ఆ మడికి ఒకటే పంట."

కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. అన్ని నీళ్ళూ ఉప్పే, ఎవరు వేశారో గాని చెయ్యి మరీ ఎక్కువైంది అనుకున్నాను. నాకు భయం వేస్తే ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

"కాత్యకి తెలిస్తే ఒప్పుకోదు" అన్నాను.

"నేను అబద్ధం చెప్పనండీ. అడక్కపోతే చెప్పను. అడిగితే చెప్తాను."

"అడగదు. ఆ సంగతి నాకొదిలెయ్యండి. పెళ్ళికొడుకుల్ని ఎంతమందిని చూశాను."

కాత్యతో చెప్పాను. "నా నాలుక మీద ఏదో పొర వేసి ఫోటో తీస్తారటే. ఆ ఫోటో చూసి నీ నాలుక నేర్చుకుంటుందట. ఏడోతరగతి రెండుసార్లు చదివినవాడి నాలుక, నీ ఖర్మ." అది నన్ను అలా చూస్తూ కూర్చుని, ఒకటి కొట్టింది. వెంటనే మూడు కొట్టింది.

పొర అతికించారు. తామరాకు మీద నీటితడిలా పల్చగా ఉంది. అది ఉన్నన్నాళ్ళూ నా మాటా ముద్దగా వచ్చేది. పక్కపక్క మంచాల మీద ఇద్దరం చెంచాలు పుచ్చుకుని గ్లాసులు కొట్టుకుంటుంటే, నర్సులు మమ్మల్ని భజన బృందం అనేవారు.

మడికి నీళ్ళు పెట్టాలంది డాక్టరు. "రోజూ తినండి. కొత్తవి వద్దు, నాలుక్కి బాగా గుర్తున్నవే తినండి. గుర్తున్నచోటే వేళ్ళు గట్టిగా పడతాయి."

అక్క అన్నీ చేసి పట్టుకొచ్చేది. చద్దన్నంలో మాగాయ నంజుకుంటే, బడి ఎగ్గొట్టి తిన్న అరుగు గుర్తొచ్చింది. ఉప్పులో ఊరిన ఉసిరికాయ కొరికితే, పక్కింటి పాపమ్మగారి గోడ, ఆ గోడ మీద గాజుపెంకులు, చిరిగిన నా లాగు. పూతరేకు నోట్లో కరుగుతుంటే, మొదటిసారి నాకు పెళ్ళివంట అప్పజెప్పిన రోజు. కంద బచ్చలి తిన్నాక మా గురువు సోమన్నగారి చేతిదెబ్బ. ఒక్కోటీ చివరిసారి తింటున్నానని నాకు తెలుసు, అక్కకి తెలీదు. "ఏవిట్రా, పసిపిల్లాడిలా అంత మెల్లిగా తింటున్నావు" అనేది.

వానలు మొదలయ్యాయి. అక్క వాక్కాయ పప్పు చేసింది. తిన్నాను. పులుపుంది, కమ్మదనముంది. ఆ చేదు లేదు.

"అమ్మది కాదు కదూ" అంది అక్క.

కాదన్నాను. కానీ అమ్మ పప్పు ఎలా ఉండేదో గుర్తుచేసుకుంటూ గిన్నె ఊడ్చేశాను. లేని చేదుని నాలుకంతా వెతుక్కున్నాను. ఆ మర్నాడే పొర లేపారు.

నొప్పి పెద్దగా లేదు. సాయంత్రం ఇడ్లీ పెట్టారు. తడి ఇసక మెత్తగా చేసి పెట్టినట్టుంది. పక్కన చట్నీ ఉంది, కొబ్బరి వాసన ముక్కుకి తెలిసింది, నోటికి అందలేదు. కిటికీలోంచి పెళ్ళివారిని చూస్తున్నట్టు ఉంది. "ఎలా ఉంది?" అంది అక్క. "ఉప్పు తక్కువైంది" అన్నాను. ఎప్పుడూ అనేమాటే కాబట్టి నమ్మింది.

కాత్య నాలుక మాత్రం పండింది. నాటిన నారు తల ఎత్తడానికి కొన్ని వారాలు పట్టింది. ఒక పొద్దున డాక్టరు నిమ్మరసం చుక్క వేస్తే దాని మొహమంతా ముడుచుకుపోయింది. ఆ ముడత చూసి మా అక్క ఏడ్చింది. తర్వాత మాట. మొదట్లో ర అన్నా ల అన్నా ఒక్కటే. సముద్రం వైపు వరండాలో దాన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పించేవాణ్ణి.

"రావులపాలెం."

"లావులపాలెం."

"లావు మీ అమ్మ. మళ్ళీ అను."

"మావయ్యా" అంది అది. ఆ మాట స్పష్టంగా వచ్చింది. "నువ్వొత్తి వెదవ్వి."

గ్లాసు పక్కన పెట్టేశాం. ఇంక చెంచాతో పని లేదు.

మళ్ళీ గాజుగదిలో కూర్చున్న రోజు నేను చెప్పకుండా కాంప్లెక్సుకి వెళ్ళి, ఓ స్తంభం చాటున నిలబడ్డాను. ముమ్మిడివరం బస్సు చెప్పింది, మలికిపురం బస్సు చెప్పింది. ళ దగ్గర చిన్న తడబాటు ఉంది, నాకు తప్ప ఎవరికీ తెలీదు. తర్వాత మైకులో, "తెల్ల పంచె కట్టుకుని స్తంభం వెనక దాక్కున్న పేరిశాస్త్రిగారు ఎక్కడున్నా గాజుగది వద్దకు రావలెను. తమరు తప్పిపోయినట్టు మేనకోడలు ఫిర్యాదు చేసినది" అంది. కాంప్లెక్సంతా నాకేసి తిరిగింది. నేను పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తాను.

నా సంగతి ఎవరికీ తెలీలేదు. తెలిసే వీలు లేదు. వంటవాడు రుచి చూడకూడదన్న నియమం నన్ను కాపాడింది. చేతి అలవాటు ఉంది, ముక్కు ఉంది, గాడిపొయ్యి ఎప్పటిలాగే వెలిగింది. చివరాకు దగ్గరే కష్టం. వేసుకోకపోతే అనుమానం వస్తుంది. వేసుకుని, ఒక్కో ముద్ద తిని, 'పులిహోర నిన్నటికన్నా నయం' అనో, 'కూరలో కారం మందగించింది' అనో గాల్లో రాళ్ళేసేవాణ్ణి. ఆ ఆకు మడిచి లేచేటప్పుడు, ఇంటికి తాళం వేసి ఎక్కడికో వెళ్ళిపోతున్నట్టుండేది.

కాత్యకి మాత్రం కొత్త వేషాలు మొదలయ్యాయి. చిన్నప్పట్నుంచీ కంద అంటే పారిపోయే పిల్ల కంద అడిగి వండించుకుంది. కాఫీలో పాలు తగ్గించింది, నాలాగే. ఉప్పులో ఊరిన ఉసిరికాయ చప్పరిస్తూ, "పాపమ్మగారెవరు మావయ్యా?" అని కాదు గానీ, "ఇది తింటుంటే ఎవరింటి గోడో ఎక్కాలనిపిస్తోంది" అంది. డాక్టరు భ్రమరాంబకి ఫోన్ చేసి చెప్పాను. "నారుతోపాటు మట్టి కూడా కొంచెం వచ్చినట్టుంది. మేం అనుకోలేదు" అంది.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఆదివారం. కాత్య మా ఇంటికొచ్చి, "ఉండు మావయ్యా, నేనే పెడతాను" అని కాఫీ కలిపి తెచ్చింది. తాగాను. దాని మొహం పెళ్ళిచూపుల్లోలా బుద్ధిగా ఉంది. అప్పుడే అనుమానించాల్సింది.

"కాఫీ బాగుందే" అన్నాను.

"ఇంకో గ్లాసు?"

"తే."

రెండోదీ తాగాను. ఎదురుగా కింద కూర్చుంది.

"మొదటి గ్లాసులో చిటికెడు ఉప్పు వేశాను. రెండో గ్లాసులో చెంచాడు."

తలుపు వెనక నిలబెట్టి పెంచిన పిల్ల నన్నే పెళ్ళికొడుకుని చేసింది. కానీ నేను తొణకలేదు. నవ్వేశాను.

"తెలీకేంటే. నీ సరదా పాడుచెయ్యడమెందుకని ఊరుకున్నాను. ఆ రెండోది మొహం చిట్లించకుండా మింగేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

"రెండో దాంట్లో ఉప్పు లేదు మావయ్యా. పంచదారే" అంది.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. అది నా చేతిలోంచి గ్లాసు తీసుకుని కింద పెట్టింది.

"ఫోటో అన్నావు."

"ఫోటోలాంటిదే."

"డాక్టరుగారిని అడిగాను. అడిగితే చెప్తానన్నారట నీతో. చెప్పారు. అయినా నమ్మబుద్ధి కాక, ఒక్కసారి నువ్వు మొహం చిట్లిస్తావేమోనని..." ఆగింది. "నేను వద్దన్నాను కదా. రాసి మరీ చూపించాను కదా. ఇప్పుడు నేనేం తిన్నా నీది తిన్నట్టే. తెలుసా నీకు?"

"నా నాలుకతో నన్నే తిడుతున్నావా?"

"తిడతాను. చివరాకు దగ్గర ఒక్కడివీ కూర్చుని ఏం చేస్తున్నావు ఇన్నాళ్ళూ?"

ఏదో ఒక వెటకారం నోటికి వస్తుందని చూశాను. రాలేదు. చివరికి ఉన్నమాట చెప్పాను. "నువ్వు గ్లాసు కొడుతుంటే వినలేకపోయానే."

అది ఏడ్చింది. పక్కన కూర్చున్నాను. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, కోపం ఇంకా దిగకుండానే, "నాకోటి చెప్పు. పుల్లగా, కమ్మగా ఉండి, ఆఖర్న చేదొచ్చేదేంటి? నేనెప్పుడూ తినలేదు. వానపడితే చాలు, నాలుక దానికోసం వెతుక్కుంటోంది. వాక్కాయలు కొనుక్కుని పప్పు చేసుకుని చూశాను. అదే, కానీ అది కాదు" అంది.

"మీ అమ్మమ్మ పప్పే అది. ఆ చేదు కోసం నేను వెయ్యనిది లేదు. మెంతులు, వేపపువ్వు, కాకర..."

"అవేం కాదు" అంది కళ్ళు మూసుకుని. చివరాకు దగ్గర కూర్చునే చిన్నపిల్ల మొహం అది. "మందు చేదు కాదు. మాడు చేదు. పప్పు అడుగంటింది మావయ్యా. కొంచెం. గిన్నె అడుగున సన్నగా పట్టి, పైదాకా రాకుండా..."

"మా అమ్మ పప్పు మాడ్చేదా? ఆవిడ వంట..." అని ఆగిపోయాను.

పప్పు ఉడుకుతూ ఉండేది. అమ్మ వెతుకుతూ ఉండేది. బియ్యం డబ్బాలో, దేవుడి గూట్లో, మంచం కింద. నా చెవి మెలిపెట్టి పప్పుగుత్తి సంపాదించుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళేసరికి, గిన్నె అడుగున ఎర్రగా పట్టేది. పారబొయ్యలేక, అలాగే మెదిపి వడ్డించేది. నా పొయ్యి మీద ఎప్పుడూ పప్పు అడుగంటలేదని ఇన్నేళ్ళు మీసం మెలేశాను. ఆ మాడే కావలసింది.

చెప్పాను. కాత్య వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టింది. దవడ పట్టేసేలా నవ్వింది. "అమ్మమ్మ పప్పులో ఏం తక్కువైందో తెలీక ఇన్నాళ్ళు ఏడ్చావా? నువ్వే తక్కువయ్యావు" అంది.

లేచి వాక్కాయలు కడిగి, గింజలు తీసి, ఇత్తడిగిన్నె పొయ్యి మీద పెట్టింది. నేను వంటింటి గడప మీద కూర్చున్నాను. "చూడు, నేను తిని చెప్తాను. ఒక్కో ముద్దకీ చెప్తాను. పులుపు ఎక్కడ మొదలైందో, ఉప్పు ఎక్కడ తగిలిందో అన్నీ. వాసన నీది, రుచి నాది. కలిపి తిందాం. ఇకనుంచి చివరాకు దగ్గరా అంతే, ఆదివారం పెళ్ళిళ్ళన్నిటికీ వస్తాను" అంది, నాకేసి తిరక్కుండానే. ళ దగ్గర తడబాటు లేదు.

పప్పు కుతకుతలాడుతోంది. కాత్య గోడకున్న కొక్కెం వైపు చెయ్యి చాపింది. గూట్లో చూసింది. గిన్నెలు కదిపింది.

"మావయ్యా, పప్పుగుత్తేదీ?"

"అక్కడే ఉంటుంది, చూడు" అన్నాను.

వెతుకుతోంది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. మంట తగ్గించలేదు, పప్పు అడుగంటే చప్పుడు కోసం నాలాగే చెవి ఒగ్గినట్టు మెల్లిగా వెతుకుతోంది. ఇత్తడిగిన్నె అడుగునుంచి సన్నగా, ఎర్రటి వాసనొకటి లేచి, వంటిల్లు దాటి గడప దాకా వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. నా కుడిచెవి, ఎవరో మెలిపెట్టినట్టు, వెచ్చబడింది.

పప్పుగుత్తి నా వీపు వెనక, పంచెలో దోపి ఉంది.